భూగర్భమున బొగ్గుపులుసు వాయువు

దీపము వెలుగుటకును, అన్నము ఉడుకుటకును, యంత్రములు నడచుటకును మానవుడు ఇంధనమును మండించుచున్నాడు. బొగ్గుగాని, నూనెగాని, కట్టెగాని మండినపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. దీనినే కార్బన్ డయాక్సైడు అందురు. మన ఊపిరితో వెలువడునదియు, సోడాబుడ్డిలో బుసబుస పొంగునదియు ఈ వాయువే. చెట్లు దీనిని గైకొనియే తమ ఆహారమును తయారుచేసికొనును. మితముగా ఉన్నంతవరకు దీనివలన మేలే గాని కీడు లేదు. కాని యంత్రయుగమునకు పూర్వము గాలిలోని పదిలక్షల పాళ్ళలో ఇది సుమారు 280 పాళ్ళుండగా, నేడు 420 పాళ్ళను మించినది. భూమి వెలువరించు వేడిమిని ఈ వాయువు కొంత పట్టి నిలుపును. కావుననే భూగోళము క్రమముగా వేడెక్కుచున్నది.

ఈ వాయువును ఆకాశమునకు విడువక, పొగగొట్టము వద్దనే పట్టి, భూగర్భమున దాచవచ్చునా అని శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. బొగ్గును, నూనెను భూమినుండియే త్రవ్వి తెచ్చితిమి గదా! మిగిలిన దానిని భూమికే అప్పగించుట న్యాయముగనే తోచును. అయినను ఒక సందేహము కలుగును. దాచినది దాగియుండునా?

ఈ సందేహము ఊరక పుట్టినది కాదు. ఆఫ్రికా ఖండమున కామెరూన్ దేశములో నియోస్ అను సరస్సు గలదు. దాని అడుగునీటిలో కరగియున్న బొగ్గుపులుసు వాయువు 1986వ సంవత్సరము ఆగస్టు 21వ తేదీ రాత్రి ఒక్కుమ్మడిగా పైకెగసెను. అది గాలికంటె బరువైనది గనుక పల్లపు భూములవెంట నీటివలె ప్రవహించి, పల్లెలను కప్పివేసెను. సుమారు 1,700 మంది ఊపిరాడక మరణించిరి. సరస్సులోని నీరు వేరు, భూగర్భశిలల రంధ్రములు వేరు. అయినను తమ ఊరిక్రింద ఈ వాయువును నింపెదమన్నచో ప్రజలు ప్రశ్నింపకుందురా? “భయము లేదు” అను మాట ఒక్కటియే వారికి సమాధానము కాజాలదు. పరీక్షించి చూపవలెను.

అట్టి పరీక్షకై జర్మనీ దేశమున ఒక పరిశోధనాస్థలము నిర్మింపబడినది. బెర్లిన్ నగరమునకు పడమరగా కేట్జిన్ అను చిన్న పట్టణము గలదు. పోట్స్‌డాం నగరమందలి జర్మన్ భూవిజ్ఞాన పరిశోధన కేంద్రమువారు, ఇతర దేశముల శాస్త్రజ్ఞులతో కలిసి, ఐరోపా సమాఖ్య ధనసహాయముతో 2004లో ఈ పనికి పూనుకొనిరి. వారు మొదట త్రవ్వుటకు దిగలేదు. మొదట ప్రశ్నలు వేసికొనిరి.

ఎచ్చట దాచవలెను? ఇది మొదటి ప్రశ్న. భూగర్భమున పెద్ద గుహ ఉండుననియు, దానిలో వాయువును నింపుదురనియు కొందరు తలంతురు. అది సరికాదు. ఇసుకరాయిలో రేణువునకు రేణువునకు నడుమ సన్నని సందులుండును. లోతున ఆ సందులలో ఉప్పునీరు నిండియుండును. ఒత్తిడితో పంపిన వాయువు ఆ నీటిని తొలగించుకొని సందులలో నిలుచును. కేట్జిన్ వద్ద అట్టి ఇసుకరాయి సుమారు 630 మీటర్ల లోతున నున్నది. దానిపై బంకమన్ను గట్టిపడి ఏర్పడిన దళసరి రాతిపొర మూతవలె కప్పియున్నది. అచ్చటి పొరలన్నియు బోర్లించిన మూకుడువలె వంగియుండుటచే, తేలికగా పైకి తేలు వాయువు ఆ మూకుడు క్రిందనే చిక్కుకొనును. అంతేగాక, ఆ ప్రదేశమున పూర్వము పైపొరలలో ఇంధన వాయువును నిలువచేసియుండుటచే, భూమి లోపలి తీరు కొంతవరకు తెలిసియే యుండెను.

ఏ వాయువును, ఎంత పంపవలెను? ఇది రెండవ ప్రశ్న. ఒక పెద్ద బొగ్గు విద్యుత్కేంద్రము ఏటేట లక్షలకొలది టన్నుల వాయువును వెలువరించును. పరీక్షకు అంత అవసరము లేదు. పానీయములలో వాడదగినంత శుద్ధమైన వాయువునే ద్రవరూపమున లారీలపై తెచ్చి, వెచ్చచేసి, కొలిచి లోనికి పంప నిశ్చయించిరి. అపాయమునకు తావులేనంత తక్కువగాను, సత్యము తెలియునంత ఎక్కువగాను ఉండవలెననుట వారి లెక్క.

లోపల జరుగునది ఎట్లు తెలియును? ఇది మూడవ ప్రశ్న, అన్నిటికంటె కఠినమైనది. 2007లో మూడు లోతైన గొట్టపుబావులు త్రవ్విరి. ఒకటి వాయువును పంపుటకు; తక్కిన రెండును కనిపెట్టి చూచుటకు. మొదటిది పంపుబావికి సుమారు 50 మీటర్ల దూరమునను, రెండవది సుమారు 110 మీటర్ల దూరమునను ఉన్నవి. సంతలో కుండను కొనువారు వ్రేలితో తట్టి, ధ్వనినిబట్టి గట్టిదనమును గ్రహింతురు గదా! అట్లే శాస్త్రజ్ఞులు నేలను తట్టి, లోపలి పొరలనుండి తిరిగివచ్చు తరంగములనుబట్టి వాయువు వ్యాపించిన మేర తెలిసికొందురు. ఉప్పునీటిగుండ విద్యుత్తు సులభముగా ప్రవహించును; వాయువుగుండ ప్రవహింపదు. ఈ భేదముకూడ వారికి ఆనవాలైనది.

ఇక్కడ ఒక చిక్కు గలదు. మట్టియందలి వేళ్ళు, సూక్ష్మజీవులు తామే బొగ్గుపులుసు వాయువును వెలువరించును. అది వేసవిలో హెచ్చును, శీతకాలమున తగ్గును. రేపు నేలపై ఈ వాయువు కనబడినచో, అది లోతునుండి కారినదో, వేళ్ళనుండి వచ్చినదో ఎట్లు చెప్పగలము? కావుననే వాయువును పంపుటకు మూడేండ్లు ముందుగా, 2005 నుండియే, అచ్చటి మట్టి వదలు వాయువును కొలిచి వ్రాసియుంచిరి. మొదటి స్థితి తెలియనివానికి మార్పు తెలియదు.

2008 జూన్ 30వ తేదీన వాయువును పంపుట ఆరంభించిరి. సుమారు మూడు వారములకు అది మొదటి బావిని చేరెను. ఇది వారి అంచనాకు దగ్గరగనే యుండెను. రెండవ బావిని మాత్రము అంచనాను మించి చాల ఆలస్యముగా, 2009 మార్చిలో చేరెను. కారణమేమి? ఆ ఇసుకరాయి కోట్లకొలది సంవత్సరములకు పూర్వము నదులు తెచ్చిన ఇసుకతో ఏర్పడినది. గోదావరి పాయలలో ఒకచోట ముతక ఇసుకయు, వేరొకచోట మెత్తని ఒండ్రును నిలుచునట్లే, ఆ రాతియందును వాయువు సులభముగా పోగల దారులును, పోజాలని చోట్లును ఉన్నవి. శాస్త్రజ్ఞులు తమ అంచనాకు సరిపడని సంగతిని మరుగుపరుపలేదు. దానిని లోకమునకు ప్రకటించి, తమ లెక్కలను సవరించుకొనిరి. అంచనా తప్పినచోటనే క్రొత్త జ్ఞానము లభించినది.

నాలుగవ ప్రశ్న ప్రజలను గూర్చినది. కేట్జిన్ స్థలముననే ఒక సందర్శన గృహమును నెలకొల్పి, వచ్చినవారికెల్ల జరుగుచున్న పనిని చూపించిరి. అదే బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రమున వేరొకచోట పెద్ద ఎత్తున తలపెట్టిన నిలువ పథకము, ప్రజల వ్యతిరేకతవలనను, తగిన చట్టము కుదరకపోవుటవలనను 2011లో విరమింపబడెను. యంత్రములు సిద్ధమైనంత మాత్రమున పని సిద్ధింపదు. ఆ నేలపై నివసించువారి నమ్మకముకూడ కావలెను.

కడపటి ప్రశ్న: పని ఎట్లు ముగింపవలెను? 2013 ఆగస్టు నాటికి సుమారు 67,000 టన్నుల వాయువును పంపి, అంతటితో నిలిపివేసిరి. 2014లో దానిలో కొంచెమును తిరిగి పైకి తీసి పరీక్షించిరి. పిదప బావులను సిమెంటుతో మూసివేసిరి. అన్ని సంవత్సరముల కొలతలలోను వాయువు నేలపైకి కారిన జాడ కానరాలేదు.

దీనినిబట్టి అన్నిచోట్లను ఇట్లే జరుగునని నిశ్చయింపరాదు. ప్రతి నేలకు దాని స్వభావము గలదు. ఒకచోట నేర్చినది మరియొకచోట ఎట్లు ప్రశ్నింపవలెనో నేర్పును. వాయువును దాచగలమను ధీమాతో దానిని విచ్చలవిడిగా పుట్టించుటయు తగదు. మండించుట తగ్గించుటయే మొదటి మార్గము. దాచుట దానికి తోడు మాత్రమే. ఏ పనికైనను ముందుగా తెలిసికొనుట, నడుమ కనిపెట్టుట, తుదకు ఉన్నదున్నట్లు చెప్పుట అను మూడును అవసరము. కేట్జిన్ పరిశోధకులు ఇసుకరాతిలో వాయువుతోపాటు ఈ పాఠమునుకూడ మనకై భద్రపరచిరి.