ఆత్మౌపమ్యము

పరుల సుఖదుఃఖములను తనవానివలె చూడగలిగినవాడే యోగులలో శ్రేష్ఠుడని భగవద్గీత ఆరవ అధ్యాయము 32వ శ్లోకమున శ్రీకృష్ణపరమాత్మ అర్జునునకు ఉపదేశించెను. ఈ దృష్టికే ఆత్మౌపమ్యమని పేరు. కంటికి కనబడు దుఃఖమును చూచి జాలిపడుట సులభము. లోపల దాచుకొన్న దుఃఖమును తనదిగా భావించుట యెట్లను సందేహము కలుగవచ్చును. దీనికి మహాభారతమున సమాధానము కలదు.

ఆదిపర్వమునందలి కురుకుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టము పాఠకులకు విదితమే. కర్ణుడు అర్జునునితో ద్వంద్వయుద్ధమునకు సిద్ధపడగా కుంతీదేవి మూర్ఛిల్లెను. ఎదురెదురుగా నిలిచిన యిరువురును తన కుమారులేయని యామె యెరుగును, ఎవ్వరికిని చెప్పుకొనజాలదు. విదురుడు చందనజలముతో ఆమెను సేదదీర్చెను. కారణ మడిగినట్లు వ్యాసభగవానుడు చెప్పలేదు. సేదదీర్చుటకు కారణము తెలియవలసిన పనిలేదు.

ధర్మరాజు మాట శాంతిపర్వారంభమున కలదు. ద్యూతసభలో కర్ణుని పరుషవాక్యములకు కోపము వచ్చినను, అతని పాదములు తన తల్లి పాదములను పోలియుండుట చూచి శాంతించితినని నారదునితో చెప్పుకొనెను. ఆ పోలికకు కారణము వెదకినను దొరకలేదట. తెలిసినది యుద్ధానంతరము, జలతర్పణముల వేళ.

ఈ ఘట్టములను విద్యార్థులకు పలుమారులు బోధించిన నేను, వాని అర్థమును ఒక విద్యార్థివలననే గ్రహించితిని. ఆ బాలుడు వల్లెవేయునపుడు గ్రంథమువైపు చూచెడివాడు కాడు. గర్వమని తలచి, నలుగురిలో మందలించి, వెనుక వరుసకు పంపితిని. ఒకనాటి సాయంకాలము అతడు తోటి బాలునిచేత పాఠము చదివించుకొని, విని కంఠస్థము చేయుచుండుట కంటబడినది. చూపు మందగించినదట. తెలిసినచో ఇంటికి పంపివేయుదురను భయమున దాచుకొనెను. కన్ను చాలక చెవినే నమ్ముకొన్న బాలుని, నా గొంతు సరిగా వినబడని చోట కూర్చుండబెట్టితిని!

మరునాడు నా ప్రక్కనే కూర్చుండబెట్టుకొని, నలుగురిలోనే నా పొరపాటు ఒప్పుకొంటిని. పిదప వైద్యుడు కళ్లద్దములిచ్చెను. అయినను, మందలించిననాటి యా ముఖము నేటికిని నా కన్నుల ముందు నిలిచియున్నది. ఏకాంతమున ఒక్క ప్రశ్న అడిగియున్నచో సరిపోయెడిది.

కావున కఠినవాక్యము నోటికి వచ్చినపుడు, మనకు తెలియనిది ఏదియో యుండునని క్షణకాలము ఆగుదము. వీలైనచో చాటున అడుగుదము. చెప్పనిచో బలవంతపెట్టక విదురునివలె చల్లని నీరు చిలుకుదము. ధర్మరాజునకు ఆలస్యముగా తెలిసినది. మనకు ఎన్నటికిని తెలియకపోవచ్చును. తెలియకయే దయ చూపగల బుద్ధిని భగవంతుడు మనకు ప్రసాదించుగాక!