ఒక్క సెకను మిగిలే ఉంది

ఐస్ హాకీ మ్యాచ్ మొదటిసారి చూసేవాళ్లకి ఒక లెక్క అస్సలు కుదరదు. ఆట అరవై నిమిషాలే అంటారు. కానీ టీవీ ముందు కూర్చుంటే రెండున్నర గంటలు పడుతుంది. మిగతా టైమంతా ఎక్కడికి పోయినట్టు? రండి, ఆ లెక్క తేల్చుకుందాం.

గడియారం సంగతి

ఆట 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. ఫుట్‌బాల్‌లో అయితే బంతి బయటికి పోయినా గడియారం నడుస్తూనే ఉంటుంది, పోయిన టైముకి బదులుగా రిఫరీ చివర్లో కొన్ని నిమిషాలు కలుపుతాడు. ఇక్కడ అలా కాదు. విజిల్ మోగగానే గడియారం ఆగిపోతుంది. ఇద్దరు ఆటగాళ్ల మధ్య పక్‌ని మళ్లీ కింద వేసినప్పుడే కదులుతుంది. దీన్నే ఫేసాఫ్ అంటారు. అంటే 60 నిమిషాలంటే అచ్చంగా ఆడిన 60 నిమిషాలే. ఆట ఆగినప్పుడు మెల్లగా నడుస్తూ టైమ్ పాస్ చేద్దామంటే కుదరదు.

మూడు ముక్కలు ఎందుకు?

మొదట్లో ఈ ఆట కూడా 30 నిమిషాల చొప్పున రెండు సగాలుగానే ఉండేది. 1910లో కెనడాలోని నేషనల్ హాకీ అసోసియేషన్ దాన్ని మూడు పీరియడ్లుగా మార్చింది. ఇప్పుడు పీరియడ్ల మధ్య విరామం అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో 15 నిమిషాలు, అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇంకొంచెం ఎక్కువ.

విరామం ఆటగాళ్లకి మాత్రమే కాదు, మంచుకి కూడా. స్కేట్ల కింద 20 నిమిషాలు నలిగితే మంచు గీతలు పడి, పొడి రేగి, పక్ సాఫీగా జారదు. అందుకే జాంబోనీ అనే బండి వస్తుంది. 1949లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ తయారుచేసిన యంత్రం ఇది. పై పొరని గీకేసి, కడిగి, పల్చగా వేడినీళ్లు పరుస్తుంది. వేడినీళ్లేంటి అనుకుంటున్నారా? అవి గీతల అంచుల్ని కరిగించి పాత మంచుతో గట్టిగా అతుక్కుంటాయి. మన థర్మల్ సారు వింటే మురిసిపోతారు.

ముప్పై సెకన్లు

ఒక్కో జట్టుకి మ్యాచ్ మొత్తానికి ఒకటే టైమౌట్. అది కూడా 30 సెకన్లు. కబడ్డీలో ఒక రైడ్‌కి ఇచ్చే టైమంత. అంత తక్కువలో ఏం చేస్తారు అనిపిస్తుంది. కానీ ఈ ఆటలో ఒక ఆటగాడు ఒక్క విడతలో ముప్పావు నిమిషం పరిగెడితేనే రొప్పుతూ బెంచీకి వచ్చేస్తాడు. అలసినవాడికి 30 సెకన్లంటే మళ్లీ ఊపిరి పోసినట్టే. అందుకే ఒత్తిడి తట్టుకోలేక పక్‌ని అటు చివరికి కొట్టేసి ఐసింగ్ తప్పు చేసిన జట్టు, వెంటనే టైమౌట్ అడగకూడదని 2017లో ఎన్‌హెచ్‌ఎల్ రూలు పెట్టింది. తప్పు చేసి విశ్రాంతి కూడా తీసుకుంటానంటే ఎలా?

ఇవి కాక ఎన్‌హెచ్‌ఎల్‌లో పీరియడ్‌కి మూడు ప్రకటనల విరామాలు. ఇప్పుడు రెండున్నర గంటల లెక్క తేలింది కదా!

ఆ ఒక్క సెకను

1980 ఫిబ్రవరి 22, లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్. ఒకవైపు ప్రపంచాన్ని ఏలుతున్న సోవియట్ జట్టు. మరోవైపు ఎక్కువమంది మనలాంటి కాలేజీ కుర్రాళ్లున్న అమెరికా జట్టు. మొదటి పీరియడ్ అయిపోవస్తోంది, సోవియట్లు 2-1తో ముందున్నారు. దూరం నుంచి వచ్చిన ఒక షాట్‌ని గోల్‌కీపర్ త్రెత్యాక్ ఆపాడు గానీ పక్ వెనక్కి తుళ్లింది. మార్క్ జాన్సన్ దూసుకొచ్చి గోల్ కొట్టేశాడు. పీరియడ్ అయిపోయిందనుకుని సోవియట్ ఆటగాళ్లు లోపలికి వెళ్లిపోయారు. గడియారం చూస్తే ఇంకా ఒక్క సెకను ఉంది! ఆ సెకను ఆడించడానికి కొద్దిమందిని వెనక్కి పిలిపించాల్సి వచ్చింది.

ఆ గోల్ తర్వాత సోవియట్ కోచ్ తిఖొనోవ్ త్రెత్యాక్‌ని తప్పించి మిష్కిన్‌ని దించాడు. చివరికి అమెరికా 4-3తో గెలిచింది. ఒక సెకను, ఒక మార్పు కలిసి చరిత్ర తిరగరాశాయి.

గడియారం సరిపోకపోతే?

స్కోరు సమమైతే ఓవర్‌టైమ్. ఎన్‌హెచ్‌ఎల్ మామూలు మ్యాచ్‌ల్లో జట్టుకి గోలీ కాక ముగ్గురు చొప్పున 5 నిమిషాలు ఆడతారు, అప్పటికీ తేలకపోతే షూటౌట్. ప్లేఆఫ్‌లో మాత్రం షూటౌట్ లేదు. ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా 20 నిమిషాల పీరియడ్లు సాగుతూనే ఉంటాయి. 1936 మార్చి 24న మాంట్రియల్‌లో మొదలైన మ్యాచ్ ఆరో ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది. అర్ధరాత్రి దాటి రెండున్నర కావస్తుండగా డెట్రాయిట్ ఆటగాడు మడ్ బ్రూనెటో కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ముగిసింది. మొత్తం ఆట 176 నిమిషాల 30 సెకన్లు! అప్పటికి జాంబోనీ బండి కూడా పుట్టలేదు.

ఈసారి ఐస్ హాకీ చూస్తుంటే స్కోరుతో పాటు గడియారం మీద కూడా ఓ కన్నేయండి. ఇంటర్నల్ పరీక్షలో చివరి పది నిమిషాలు ఉండగానే పేపరిచ్చి లేచొచ్చే మిత్రులకి ఆ ఒక్క సెకను కథ ప్రత్యేకంగా అంకితం.