కౌన్సిలర్ చేతిలో ఏముంది?

ప్రశ్న: మున్సిపల్ ఎన్నికలొస్తే వార్డులో నిలబడినవాళ్లంతా ఉద్యోగాలు, పింఛన్లు ఇప్పిస్తామంటారు. కౌన్సిలర్ నిజంగా చేయగలిగేదేమిటి?
– ఒక పాఠకుడు, కోరుట్ల

జవాబు: నల్లా నీళ్లు, మోరీలు, చెత్త, వీధిదీపాలు, గల్లీ రోడ్లు. రాజ్యాంగ 74వ సవరణ తెచ్చిన 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో సామాన్యుడికి రోజూ తగిలేవి ఇవే. ఉద్యోగాలు, పింఛన్లు రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోవి. వాటికి హామీ ఇచ్చే అభ్యర్థి తన పని తెలియనివాడైనా కావాలి, ఓటరును మభ్యపెడుతున్నవాడైనా కావాలి.

2020 జనవరి 22న పోలింగ్ జరిగినప్పుడు జగిత్యాలలో 48, సిరిసిల్లలో 39, కోరుట్లలో 33 వార్డులున్నాయి. చైర్‌పర్సన్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకోరు. కాబట్టి ఓటరు గట్టిగా నిలదీయగలిగేది తన వార్డు అభ్యర్థినే.

సిరిసిల్ల సంగతే చూడండి. 2021 సెప్టెంబరు వానలకు అక్కడి కాలనీలు మునిగాయి. అలాంటి పట్టణంలో సీసీ రోడ్డు వేస్తామన్న మాట వినగానే చప్పట్లు కొట్టకూడదు. మోరీ లేకుండా రోడ్డు ఎత్తు పెంచితే వాననీళ్లు నేరుగా ఇళ్లలోకే వస్తాయి. ‘మోరీ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుంది?’ అని అడగాలి. పక్క వార్డు దాకా ఆలోచించినవారే దీనికి జవాబు చెప్పగలరు.

తెలంగాణ 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతనూ పెట్టింది. వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలని, ఒక్కోదానిలో 15 మంది సభ్యులని కూడా చెప్పింది. యువకులు, మహిళలు, వృద్ధులు ఆ కమిటీల్లో కూర్చోవాలి. వాటిని ఎప్పుడెప్పుడు సమావేశపరుస్తారో ప్రచారానికి వచ్చినవారి చేత అందరి ముందూ చెప్పించండి.