రాత్రి తొమ్మిదికే మొదలయ్యే తెల్లవారుజాము

హైదరాబాద్‌లోని మౌలాలి నుంచి 1886లో గుర్రప్పందేలు మలక్‌పేటకు తరలివచ్చాయి. అక్కడి తబేలాలు ఊరి కన్నా ముందే మేలుకుంటాయి. గుర్రాలను చూసుకునే సైస్‌గా కొత్తగా చేరినవాళ్లకు తొలి పరీక్ష పెట్టేది ఆ తెల్లవారుజామే.

"నాలుగింటికి లేవడం నావల్ల కాదు" అంటూ వారం తిరక్కుండానే చేతులెత్తేసిన కుర్రాళ్లను చూశాను. వాళ్లలో బద్ధకస్తులు తక్కువే. పడుకునే వేళ మార్చుకోకుండా లేచే వేళ మార్చబోయి దెబ్బతిన్నారు. పదకొండు దాకా ఫోన్ చూసి నాలుగింటికి లేవడం ఎన్నాళ్లు సాగుతుంది? మీ పట్టుదలంతా రాత్రి తొమ్మిదింటికి చూపించండి. ఏడున్నరకల్లా అన్నం తినేయండి. సాయంత్రం చాయ్ మానేయండి. తాగిన ఐదు గంటలకు కూడా అందులోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. గదిలో ఉండేవాళ్లతో "అన్నా, తొమ్మిదికి లైటు ఆర్పేద్దాం" అని మొహమాటపడకుండా చెప్పేయండి.

మొదటి నాలుగైదు రోజులు పడుకున్నా నిద్ర పట్టదు. అయినా లేచే వేళ జరపకండి. పగటి అలసటే మెల్లగా నిద్రను ముందుకు లాక్కొస్తుంది. సెలవు రోజున ఎనిమిది దాకా పడుకున్నారో, వారమంతా పడ్డ కష్టం నీళ్లపాలే. మధ్యాహ్నం పని తగ్గినప్పుడు ఓ అరగంట కునుకు తీయండి, తప్పులేదు.

మన ఒంటి గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యుడు వచ్చేసరికి 6:45 దాటుతుంది. అందుకని లేవగానే ఉన్న లైట్లన్నీ వేసుకోండి.

ఇంత చీకటితో పని ఎందుకంటే, పరుగు తీసిన గుర్రం కండరాల్లో విపరీతమైన వేడి పుడుతుంది. అది దిగాలంటే చల్లటి పూట కావాలి. ట్రాక్ మీద పరుగు, తర్వాత నడిపించి చల్లార్చడం, కడగడం, మాలిష్... అన్నీ ఎండ ముదిరేలోపే అయిపోవాలి.

నిద్రమత్తుతో మాత్రం గుర్రం దగ్గరికి వెళ్లకండి. లేచిన మొదటి పావుగంట, అరగంట మెదడు పూర్తిగా తేరుకోదు. సరిగ్గా తన వెనకున్న మనిషి గుర్రానికి కనపడడు. ఉలిక్కిపడితే తన్నేస్తుంది. ముందు పేరుపెట్టి పిలవండి. చెవి మీ వైపు తిరిగాక భుజం పక్క నుంచి చేరండి.

ఆ రోజు ఆ గుర్రాన్ని మొదట చూసేది మీరే. తొట్టిలో దాణా మిగిలిందా? నాలుగు కాళ్లూ తడిమితే ఏదైనా ఒకటి వేడిగా తగులుతోందా? ఒంటి వేడి 38.5 డిగ్రీల సెల్సియస్ దాటిందా? ట్రైనర్ అడిగేలోపే మీ దగ్గర జవాబుండాలి. తన గుర్రం ఎలా ఉందోనన్న ఆరాటం పట్టుకున్నాక అలారం మోగకముందే మెలకువ వచ్చినవాళ్లు నాకు తెలుసు.

గుర్రం రోజు మొత్తంలో నిద్రపోయేది సుమారు మూడు గంటలే. అదీ ముక్కలు ముక్కలుగా, చాలావరకు నిలబడే. కలలు వచ్చేంత గాఢంగా నిద్రపోవాలంటే మాత్రం నేలకు ఒరగాల్సిందే. భయం లేని చోటే అది ఒరుగుతుంది. రేపు లైటు వేయగానే దాని డొక్కలు, తోక చూడండి. గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయంటే, రాత్రి హాయిగా పడుకున్నట్టే.