నీట్ తప్పితే ఆరోగ్యరంగం మూసుకుపోదు

2018 వానాకాలంలో ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి, దుర్గ్‌లపై డెంగీ విరుచుకుపడింది. అలాంటప్పుడు ఆస్పత్రి మంచాల దగ్గర డాక్టర్లు ఎంత అవసరమో, బస్తీల్లో తిరిగేవాళ్లూ అంతే అవసరం. కిటికీకి బిగించిన కూలర్ తొట్టిలోకి టార్చి వేసి లార్వా ఉందో లేదో చూడాలి. నీళ్లు పారబోయించి, వారానికోసారి తొట్టి ఎందుకు ఆరబెట్టాలో ఇంటివాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి. ఏ వీధిలో కేసులు పెరుగుతున్నాయో లెక్క తీయాలి. ఈ పని నేర్పే చదువే ప్రజారోగ్యం.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారానికి వచ్చి భిలాయిలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో ఈ చదువు మాట అరుదుగా వినిపిస్తుంది. లెక్కలు తీసుకున్నవాడికి ఐఐటీ, బయాలజీ తీసుకున్న అమ్మాయికి ఎంబీబీఎస్. మూడో మాట లేదు. 2024లో నీట్ రాసినవారు 23 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. ఈ లెక్క తెలిసీ పిల్లల్ని రెండో లాంగ్‌టర్మ్‌కు, మూడో లాంగ్‌టర్మ్‌కు తోయడం అన్యాయం. ఇరవై ఏళ్లు నిండని పిల్ల ‘నావల్ల కాదు’ అంటుంటే, ‘ఇంకొక్క ఏడాది’ అని కోచింగ్ సెంటర్ చెప్పే మాటకే ఇంట్లో విలువ ఎక్కువవుతోంది.

నిజానికి ప్రజారోగ్యం నేర్చుకోవడానికి ఛత్తీస్‌గఢ్‌ను మించిన బడి దొరకడం కష్టం. భిలాయి కొలుములకు ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో గని కార్మికులు 1983లో సొంతంగా షహీద్ ఆస్పత్రి కట్టుకున్నారు. కార్మికులే శిక్షణ పొంది ఆరోగ్య కార్యకర్తలయ్యారు. 2002లో ఈ రాష్ట్రంలో మొదలైన, ఊరి మహిళలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దే మితానిన్ కార్యక్రమం, 2005 తర్వాత దేశమంతా వచ్చిన ఆశా వ్యవస్థకు దారి చూపింది.

చదువు కూడా దూరం కాదు. రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో ప్రజారోగ్యంలో పీజీ కోర్సు ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, తిరువనంతపురం శ్రీచిత్ర, పుదుచ్చేరి జిప్‌మర్ కూడా ఈ కోర్సు నడుపుతున్నాయి. ఆరోగ్య విద్య, ప్రచారం మీదే మనసుంటే 1932లో మొదలైన కోల్‌కతా ఆలిండియా హైజీన్ ఇన్‌స్టిట్యూట్‌లో దానికోసమే పీజీ డిప్లొమా ఉంది. అర్హత సంస్థను బట్టి మారుతుంది. డిగ్రీ తప్పనిసరి, కొన్నిచోట్ల ఆరోగ్య సంబంధ డిగ్రీయే అడుగుతారు.

ఇంటర్ కాగానే లక్షలు పోసి ప్రైవేటు కాలేజీలో ప్రజారోగ్య డిగ్రీలో చేరడం మాత్రం తొందరపాటు. ఉద్యోగ ప్రకటనలు చాలావరకు పీజీనే అడుగుతాయి. ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ నర్సింగో, స్టాటిస్టిక్సో, లైఫ్ సైన్సెస్సో తక్కువ ఫీజుతో చదివి, ఆపైన ప్రభుత్వ సంస్థలో ఎంపీహెచ్ చేయడమే గిట్టుబాటు దారి. మధ్యలో మనసు మారినా చేతిలో పనికొచ్చే డిగ్రీ ఒకటి ఉంటుంది.

బీడీఎస్, ఫార్మ్-డీ చదివినవాళ్లలో ఇప్పుడు అమెరికా ఎంపీహెచ్ మోజు ఎక్కువ. అప్పు చేసే ముందు ఒక సంగతి తెలియాలి. అక్కడ మామూలు ఎంపీహెచ్ సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సుల జాబితాలోకి రాదు. చదువయ్యాక పని అనుమతి ఒక్క ఏడాదే. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ కోడ్‌తో నమోదైన కోర్సుకైతే మరో రెండేళ్లు పొడిగింపు దొరకొచ్చు. కోర్సు ఏ కోడ్ కింద ఉందో కన్సల్టెన్సీని కాదు, విశ్వవిద్యాలయాన్నే రాతపూర్వకంగా అడగాలి. ఇల్లు తాకట్టు పెట్టాక తెలిస్తే లాభం లేదు.

ఎంపీహెచ్ చేసినంత మాత్రాన మందులు రాసే హక్కు రాదు. జాతీయ ఆరోగ్య మిషన్ కొలువుల్లో ఎక్కువ భాగం కాంట్రాక్టువే. ఈ రెండూ ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. కాలేజీకి ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు చాలు: ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలు, ఏ బ్లాకులో? గణాంకాలు నిజమైన డేటాతో చేయిస్తారా? పోయినేడు బ్యాచ్‌లో ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారు? జవాబుగా బ్రోషర్ చేతిలో పెడితే ఆ కాలేజీని వదిలేసి, పాత విద్యార్థులనే వెతికి అడగాలి.