బాలింతకు అండ ఎవరు? ఉదయగిరి, ఆత్మకూరు తల్లుల ప్రశ్నలు, జవాబులు

బిడ్డకు పాలు చాలకపోతే మన ఇళ్లలో ముందు తల్లినే తప్పుపడతారు. చట్టం అలా చూడదు. ఆసుపత్రికి, అంగన్‌వాడీకి, పని ఇచ్చే యజమానికి, పాలడబ్బాలు అమ్మేవారికి వేర్వేరుగా బాధ్యతలు పెట్టింది. అవి తెలిస్తేనే అడగగలం.

సిజేరియన్ అయింది. పాలు ఎప్పుడు పట్టాలి?
ఏ కాన్పయినా గంటలోపే. తల్లి లేవలేకపోతే బిడ్డను రొమ్ముకు పట్టించమని నర్సును అడగండి. గంట దాటినా పర్వాలేదు, వీలైన వెంటనే మొదలుపెట్టండి. ముర్రుపాలు పారబోయకండి, బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తినిచ్చేవి అవే. తేనె, పంచదార నీళ్లు నాకించవద్దు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, భోజనం, ఇంటికి చేర్చే వాహనం అన్నీ ఉచితమే.

మా మెట్ట ఎండల్లో బిడ్డకు నీళ్లు పట్టకుంటే ఎట్లా?
ఆరు నెలలు నిండేదాకా నీళ్లు అక్కర్లేదు. తల్లిపాలలో 88 శాతం దాకా నీరే ఉంటుంది. ఎండాకాలంలో ఇంకోసారి పాలివ్వండి. నీళ్లు బాగా తాగాల్సింది తల్లి. బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యం మానండి. ఆరు నెలల తర్వాత మెత్తటి అన్నం, పప్పు మొదలుపెట్టి, రెండేళ్లు, ఆపైనా పాలు ఇవ్వవచ్చు.

పాలు చాలడం లేదని అత్తమ్మ అంటోంది. ఎవరిని అడగాలి?
మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. అంగన్‌వాడీలో తూకం వేయించండి. ఎంత తరచుగా పడితే పాలు అంతగా ఊరతాయి. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త మీ ఇంటికి రావాలి. బిడ్డ రొమ్ము పట్టే తీరు ఆమెకు చూపించండి. రొమ్ము గడ్డకట్టి జ్వరమొస్తే పాలు ఆపకుండానే ఏఎన్ఎంను కలవండి.

డబ్బాపాలు కొనమని ఒత్తిడి చేస్తే?
1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, దాని 2003 సవరణ ప్రకారం రెండేళ్లలోపు పిల్లల పాలడబ్బాలకు, ఆహారాలకు, సీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. ఉచిత శాంపిళ్లు, బహుమతులు, అమ్మకంపై కమీషన్ నిషిద్ధం. పాలడబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వేయకూడదు. ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వైద్య కారణంతో డాక్టరు రాస్తే మాత్రం డబ్బాపాలు పట్టండి. అందులో తల్లి తప్పేమీ లేదు.

ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాను. సెలవు ఎంత?
పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాలు. ఆపై కాన్పుకు 12 వారాలు. తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు నిండేవరకు, మామూలు విశ్రాంతి కాక, పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు. యాభై మంది ఉన్నచోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి, అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్లనివ్వాలి. ప్రసూతి సెలవులో ఉండగా ఉద్యోగం తీసేయకూడదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కులున్నాయి.

కూలికి పోతాను, ఇంట్లో కొయ్య గరిటెలు చెక్కుతాను. నాకేముంది?
2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భం దాల్చినప్పటి నుంచి కాన్పయిన ఆరు నెలల వరకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం మీ హక్కు. మాతృ వందన పథకం అర్హులైన వారికి మొదటి కాన్పుకు రూ.5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే రూ.6,000 ఇస్తుంది. అంగన్‌వాడీలో పేరు రాయించండి. పనికి పోయేటప్పుడు పిండిన పాలను మూతపెట్టి చల్లటి చోట ఉంచితే నాలుగు గంటలలోపు వాడవచ్చు, ఎండాకాలంలో ఇంకా ముందే. సీసా వద్దు, శుభ్రంగా కడిగిన ఉగ్గుగిన్నె చాలు.

బస్టాండులో పాలివ్వవచ్చా?
నిస్సంకోచంగా. ఏ చట్టమూ అడ్డు చెప్పదు. బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదులు ఉండాలని, అక్కడ పాలివ్వడాన్ని చిన్నచూపు చూడకూడదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గుర్తుచేసింది.

హక్కు దక్కకపోతే?
సెలవు, జీతం సంగతైతే కార్మిక శాఖకు రాయండి. అంగన్‌వాడీ సంగతైతే సూపర్‌వైజరుకు, ఆపై సీడీపీవోకు (శిశు అభివృద్ధి పథకం అధికారికి) చెప్పండి. అక్కడా పనికాకపోతే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. పచ్చి బాలింత అంతదూరం తిరగనక్కర్లేదు. భర్తో, తల్లో, డ్వాక్రా సంఘంలో తోటి మహిళో ఆ అర్జీ పట్టుకెళ్లాలి. బాలింతకు అండగా నిలవడమంటే అదే.