గోలుకీపరు రికార్డో జమోరా

ఫుట్‌బాలు ఆటయందు జట్టునకు పదునొకండుగురు. వారిలో పదిమంది మైదానమంతయు పరుగులిడుదురు. ఒక్కడు మాత్రము గోలు ముంగిట నిలిచియుండును. బాలురు జట్లు కూర్చుకొనునప్పుడు ఆ స్థానమును కోరువారు అరుదు. పరుగెత్తజాలనివానిని అచ్చట నిలుపుట వాడుక. గోలు వేసినవానికి చప్పట్లు లభించును. వేయనీయక ఆపినవానిని తలచువారు కొద్దిమంది. ఒక్క బంతి చేజారెనా, నిందయంతయు వానిదే. అట్టి స్థానమున నిలిచి లోకప్రసిద్ధి గాంచి, పిమ్మట శిక్షకుడై తన జట్టును రెండుమారులు దేశవిజేతగా నొనర్చినవాడు స్పెయిను దేశీయుడైన రికార్డో జమోరా. ఆయన చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

జమోరా 1901 జనవరి 21వ తేదీన బార్సిలోనా నగరమున జన్మించెను. 1916లో, పదునైదేండ్ల వయస్సున, ఆ నగరమునందలి ఎస్పాన్యోల్ క్లబ్బు పక్షమున ఆడ నారంభించెను. 1920లో బెల్జియము దేశపు ఆంట్‌వెర్ప్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. స్పెయిను జాతీయ జట్టు మొట్టమొదట బరిలో దిగినది అచ్చటనే. డెన్మార్కును 1–0తో గెలిచిన ఆ తొలి పోటీయందు గోలు కాచినవాడు పందొమ్మిదేండ్ల జమోరా. స్పెయిను తుదకు రజత పతకము నందెను. అయితే ఇటలీతో ఆడిన పోటీలో జమోరా కోపము నాపుకొనజాలక ప్రత్యర్థిని కొట్టి, మైదానమునుండి పంపివేయబడెను. చేతులకు అలవడిన నేర్పు మనస్సునకు ఇంకను అలవడలేదు.

గోలుకీపరు పని దుముకుట మాత్రమే యని తలచుట తగదు. గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. గీతపైననే నిలిచినవాడు అంతటి ద్వారమును రెండు చేతులతో కప్పజాలడు. బంతితో వచ్చువానికి ఎదురుగా నాలుగడుగులు ముందునకు నడచినచో, వానికి గోలు కనుపించు మేర తగ్గిపోవును. రాత్రివేళ దీపమునకు చేయి అడ్డముపెట్టి చూడుడు: చేయి దీపమునకు చేరువయైనకొలది గోడమీది నీడ పెద్దదగును. ఇదియు అట్టిదే. కాని మరీ ముందునకు వచ్చినచో బంతి తలమీదుగా పోవును. ఎప్పుడు కదలవలెనో, ఎప్పుడు నిలువవలెనో నిర్ణయించుటకు గల వ్యవధి రెప్పపాటు మాత్రమే. ఈ విద్యయందు జమోరా అందెవేసిన చేయి. మోచేతితో బంతిని దూరముగా నెట్టు పద్ధతికి స్పెయినులో ఆయన పేరిటనే "జమోరానా" యను పేరు కలిగెను.

1929 మే 15వ తేదీన మాడ్రిడు నగరమున స్పెయిను జట్టు ఇంగ్లండును 4–3తో ఓడించెను. బ్రిటిషు ద్వీపములకు వెలుపలి జట్టు చేతిలో ఇంగ్లండు ఓడుట అదియే ప్రథమము. 1931 డిసెంబరు 9వ తేదీన లండనులో ఇంగ్లండు దానికి బదులు తీర్చుకొనెను. జమోరా కాచుచున్న గోలులోనికి ఏడు బంతులు పోయెను. స్పెయిను వేసినది ఒక్కటి. అంతటి ఖ్యాతి గలవానికి అంతటి పరాభవము! కాని ఆ క్రీడాసంవత్సరము ముగియునప్పటికి, జమోరా 1930లో చేరిన మాడ్రిడు క్లబ్బు 18 లీగు పోటీలలో ఒక్కటియైనను ఓడక, 15 గోలులు మాత్రమే ఇచ్చి, తన తొలి లీగు విజయమును సాధించెను. ఏడు గోలులు పడిన మనుష్యుడును, ఓటమి యెరుగని జట్టునకు కావలి కాచిన మనుష్యుడును ఒక్కడే.

1934లో ఇటలీలో జరిగిన ప్రపంచకప్పు పోటీలలో స్పెయిను బ్రెజిలును 3–1తో గెలిచెను. అందు జమోరా ఒక పెనాల్టీ కిక్కును ఆపెను. తరువాత ఇటలీతో జరిగిన పోటీ 1–1తో సమముగా ముగిసెను. మరునాడు మరల ఆడవలసివచ్చినప్పుడు, గాయములచే జమోరా బరిలో దిగలేకపోయెను; స్పెయిను 0–1తో ఓడెను.

1936 జూన్ 21వ తేదీన వాలెన్సియాలో స్పెయిను కప్పు కొరకు తుదిపోటీ జరిగెను. మాడ్రిడు జట్టు బార్సిలోనాపై 2–1తో ముందుండెను. చివరి నిమిషములలో బార్సిలోనా ఆటగాడు ఎస్కోలా గోలునకు చేరువనుండి బంతిని తన్నెను. జమోరా దానిపైకి దుమికెను. ఎండిన నేలనుండి దుమ్ము లేచి ఆయనను కప్పివేసెను. దుమ్ము అణగినప్పుడు చూడగా, బంతి జమోరా చేతులలో నుండెను. ఒక్క నెలయైనను గడువకముందే స్పెయినులో అంతర్యుద్ధము చెలరేగెను. జమోరాను మాడ్రిడులో చెరసాలయందుంచిరి. ఆయన మరణించెనను వదంతియు వ్యాపించెను. పిమ్మట విడుదలనొంది, ఫ్రాన్సు దేశమునకు పోయి నీస్ నగరపు జట్టులో ఆడెను.

1939లో యుద్ధము ముగిసినతోడనే స్వదేశమున అట్లెటికో అవియాసియోన్ జట్టునకు శిక్షకుడయ్యెను. ఇది యుద్ధముచే చితికిన ఒక మాడ్రిడు క్లబ్బును వైమానిక దళపు జట్టుతో కలిపి కూర్చినది. లీగు మొదటి శ్రేణిలో ఒక స్థానము ఖాళీకాగా, ఒసాసునా జట్టును గెలిచి గాని ఇది అందు ప్రవేశింపలేకపోయెను. అట్టి జట్టు 1940లో సెవిల్యాకంటె ఒక్క పాయింటు అధికముగా సంపాదించి విజేత యయ్యెను. మరుసటి సంవత్సరమును గెలిచెను. ఆ క్లబ్బు చరిత్రలో ఇవియే తొలి లీగు విజయములు. ఇందు వింతలేదు. గోలుకీపరు నిలుచు చోటునుండి మైదానమంతయు కనుపించును. ఎవడు అలసెనో, ఎచ్చట సందు ఏర్పడెనో ముందుగా నెరిగి కేకవేసి హెచ్చరించువాడు అతడే. ఇరువదేండ్లు అట్లు చూచినవానికి పదిమందిని నడపుట క్రొత్త పని కాదు. తరువాత ఆయన శిక్షణలోనే సెల్టా జట్టు 1948లో కప్పు తుదిపోటీకి చేరెను. 1952లో కొలదికాలము జాతీయ జట్టునకును శిక్షకుడుగా నుండెను. 1978లో బార్సిలోనాలో కాలధర్మము నొందెను.

స్పెయిను లీగులో ఆడిన పోటీల సంఖ్యనుబట్టి సగటున తక్కువ గోలులిచ్చిన గోలుకీపరునకు నేటికిని ఏటేట జమోరా పేర బహుమానము నొసగుచున్నారు. విద్యార్థులారా, దీని పద్ధతిని గమనింపుడు. ఒక్కనాటి అద్భుతమునకు ఈ బహుమానము రాదు. ఒక్కనాటి పరాభవముచేత పోదు. సంవత్సరమంతయు కాచిన కావలిని లెక్కించియే దీనిని ఇత్తురు. మీలో ఎవనినైనను ఇష్టములేకయే గోలు ముంగిట నిలిపినచో, అది వెలివేసిన చోటని తలపవలదు. ఆటనంతయు చూడగల చోటు అదియే.